పేరయ్య బాబాయి తడవనివ్వని ట్రాక్టరు

మా పేరయ్య బాబాయికి లోకంలో ఒకటే భయం, తన పాత ట్రాక్టరు తడుస్తుందని. ఊళ్ళో ఎవరైనా గట్టిగా తుమ్మితే ఉరిమిందనుకుని పరుగెత్తి దాని మీద టార్పాలిన్ పట్టా కప్పేవాడు.

"గేరు రాడ్డు మొదట్లో రబ్బరు తొడుగు చిరిగిందిరా! అందులోంచి నీళ్ళు దిగితే గేరాయిలు మజ్జిగైపోద్ది."

"కొత్తది వేయించొచ్చుగా బాబాయ్?"

"ఎక్కడ దొరుకుద్ది? ఈ మోడల్ని కంపెనీవాళ్ళే మర్చిపోయారు!"

పొలంలో వాన పట్టుకుంటే ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ, రెండో చేత్తో గేరు రాడ్డుకి గొడుగు పట్టి, తను నిలువునా తడుస్తూ ఇంటికొచ్చేవాడు.

వెంకటరావమ్మ పిన్నికి ఒళ్ళు మండిపోయేది. "మన పెళ్ళి ఊరేగింపులో వానొస్తే నాకు పట్టావా గొడుగు?"

"నువ్వు తువ్వాలుతో తుడుచుకుంటావు. దాని కడుపులోకి తువ్వాలు పోద్దా?"

పట్టా ఎవరైనా అరువడిగితే, "ప్రాణం అడుగు, ఇస్తా" అనేవాడు.

రెండువేల మూడు మార్చిలో, కల్లాల నిండా మిరపకాయలు ఆరుతుండగా, ఒక సాయంత్రం కుండపోతగా వాన పడింది. తెల్లారి బాబాయి ట్రాక్టరు గేరు వేయబోతే అది కీచుమని ఏడ్చింది. సత్తెనపల్లి నుంచి మెకానిక్ మీరా హుస్సేన్ వచ్చి కింద బోల్టు విప్పాడు. ముందు నీళ్ళు, వెనకే పాలు కలిపినట్టున్న ఆయిలు బుడబుడా దిగాయి.

"పేరయ్యగారూ, టీ రెడీ. గ్లాసులు తెప్పించండి!"

మేమంతా నవ్వాం. బాబాయి నవ్వలేదు, తలపాగాతో కళ్ళొత్తుకున్నాడు.

"నీ పట్టా ఏమైందయ్యా?" అంది పిన్ని.

"గాలికి పోయింది!"

అంతలో పక్క కల్లం మస్తాన్‌బీ, మడత పెట్టిన పట్టా నెత్తిన పెట్టుకుని వచ్చింది. కూతురి కాన్పుకని దాచేపల్లి వెళ్ళి ఆ పొద్దున్నే బస్సు దిగిందట.

"అన్నా, ఇది నీదేనా? నా కాయల మీద కప్పుంది. ఒక్క కాయ తడవలేదు. ఏడాది కష్టం దక్కింది!"

"చెప్పాగా, గాలికి ఎగిరొచ్చుంటుంది," అన్నాడు బాబాయి, ఆకాశంలోకి చూస్తూ.

"నాలుగు మూలలా బండరాళ్ళు కూడా గాలే పెట్టిందా అన్నా?"

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మీరా హుస్సేన్ ట్రాక్టరు కిందే పడి దొర్లుతున్నాడు.

బాబాయి మాత్రం తొణకలేదు. "పల్నాడు గాలమ్మా," అన్నాడు, "మొదలెట్టిన పని మధ్యలో వదిలిపెట్టదు!"