మెడకు సాక్ష్యం వెతుకుతూ కడపకు

తెల్లవారి అయిదూ పదికి కర్నూల్లో నంద్యాల బస్సెక్కాను. గడియారాలు బాగుచేసే వృత్తి నాది. నిమిషాలు చెప్పకుండా ఏదీ చెప్పలేను, ఓపిక పట్టండి. కర్నూలు రాజధాని అయినప్పటినుంచి బస్సులో సీటు దొరకడమే గొప్ప. అందుకే ముందురోజే చెప్పి డ్రైవరు వెనక సీటు పెట్టించుకున్నాను. మూడు నెలలుగా వెనకనుంచి ఏ బండి హారన్ వినిపించినా నా వీపు జలదరిస్తుంది.

సంగతి ఇది. ఒక వకీలు గారింట్లో గోడ గడియారం బాగుచేసి, ఆయన కారులోనే తిరిగి వస్తూ రైల్వే గేటు దగ్గర ఆగాం. లారీ ఒకటి వచ్చి వెనకనుంచి గుద్దింది. ఎవరికీ రక్తం కారలేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. మర్నాడు లేస్తే మెడ తిరగలేదు. మెడ పట్టిందనుకొని, మన ఇళ్లల్లో అందరూ చేసేదే చేశాను: దిండు ఎండలో పెట్టాను. పది రోజులు పెట్టాను. నొప్పి తగ్గకపోగా కుడిచేతి వేళ్లకు తిమ్మిరి దిగింది. తల వంచలేనివాడు గడియారం ఏం విప్పుతాడు? దుకాణం మూసేశాను.

లారీకి బీమా ఉంది. కారు బంపరు వంగిందంటే కంపెనీ డబ్బిచ్చింది. నా మెడ వంగడం లేదంటే మాత్రం నమ్మలేదు. విచారణకు వచ్చిన ఏజెంటుకు మా పక్కింటావిడ చూసినమాటే చెప్పింది: "నిద్రలో మెడ పట్టినాదంటప్పా. రోజూ రెండు దిండ్లు ఎండేస్తాండాడు." రెండు దిండ్లు ఎత్తు పెట్టుకొని పడుకోవడం వల్ల వచ్చిన నొప్పి, లారీకి సంబంధం లేదు అని కంపెనీ జాబు రాసింది. ఎక్స్‌రేలో ఎముకలు చక్కగా ఉన్నాయి. కడపలో ఎముకల డాక్టరొకాయన ఉన్నాడు, ఆయన రాసిస్తే కోర్టు వింటుందన్నారు వకీలు గారు.

ఏడూ యాభైకి నంద్యాల. ఉగ్గాణి, బజ్జీ, కాఫీ కలిపి నాలుగణాలు. ఎనిమిదిన్నరకు కడప బస్సు. ఆళ్లగడ్డలో వేరుసెనగ మూటతో ఒక రైతు ఎక్కి నా పక్కన కూర్చున్నాడు.

"ఏమప్పా, మెడ తిప్పకుండా మనిషంతా తిరుగుతాండావే, యాడ పడినావు?"

"పడలేదు. కారులో కూర్చొనే ఉన్నాను."

"కూర్చున్నోడికి దెబ్బెట్లా తగిల్య?"

కంపెనీ అడిగేదీ అదే. ఆయన మైదుకూరులో దిగిపోయాక పక్క సీటు కడప దాకా ఖాళీగానే ఉంది. నల్లరేగడి పోయి రాళ్ల నేల వచ్చింది. ఇట్లాంటివి చూపించడానికి పక్కన ఎవరూ లేకపోతే దారి శానా పొడుగు.

ఒంటిగంటా పదికి కడపలో దిగాను. భోజనం పదణాలు, సాంబారు మాత్రం పలచన. మూడింటికి డాక్టరు పిలిచాడు. ఎక్స్‌రేను కిటికీ వెలుగులో చూసి పక్కన పెట్టాడు. నా తల రెండు చేతులతో పట్టుకొని కొద్దికొద్దిగా తిప్పి, ఎక్కడ ఆగిందో రాసుకున్నాడు. వేళ్లమీద సూది ఆనించి చూశాడు. నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగితే, తప్పు ఒప్పుకుంటున్నట్టు "మర్నాడు పొద్దున" అన్నాను.

"అట్లనే వస్తాదిలే. చెర్నాకోల విదిలిస్తే కొస ఎట్లా వెనక్కిపోయి ముందుకొస్తాదో, నీ తల అట్లా ఊగినాది. లోపల కండరాలు సాగినాయి, అవి ఎక్స్‌రేలో కనపడవు. బిగుసుకునేది మర్నాడే."

మూడు నెలల్లో నన్ను నమ్మిన మొదటి మనిషి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన కంపెనీ జాబు చదివాడు.

"ఎన్ని దిండ్లు పెట్టుకుంటావప్పా?"

"ఒకటే సార్."

"రెండోది ఎవరిది?"

"నా భార్య రామలక్ష్మిది. పోయి రెండేళ్లయింది."

"మరి అదెందుకు ఎండేసినావు?"

"ఆమె ఎప్పుడూ రెండూ కలిపే ఎండేసేది సార్. ఒకటే బయటికి తేవడానికి నాకు చేతులు రాలేదు."

 ఆయన ఆ సంగతి కూడా ఇంగ్లీషులో రాశాడు. "ఆరు నెలలు వంగే పని వద్దు. కేసు తేలేదాకా నీ దిండు ఎండేయొద్దు. మళ్లీ ఎవరన్నా చూసి చెప్తారు."

స్టేషను దగ్గర సత్రంలో పడుకొని, మర్నాడు ఆరింటికి తిరుగు బస్సెక్కాను. దర్గా చూసి వస్తున్న ముసలమ్మ ఒకామె నా అవస్థ గమనించి తన బట్టల మూట ఇచ్చింది. "మెడకింద పెట్టుకో నాయనా. ఇంట్లో ఎవరుండారు?"

"ఎవరూ లేరమ్మా."

నంద్యాలలో దిగేదాకా ఆమె ఆ మూట అడగలేదు.

ఈ పనిమీద కడప పోయేవాళ్లకు చెప్పదగింది ఒకటే. వెనకనుంచి బండి గుద్దితే, రక్తం రాకపోయినా ఆ రోజే డాక్టరుకు చూపించుకోండి. దిండు సంగతి తర్వాత. నా కేసు ఏమవుతుందో తెలియదు, కాగితమైతే చేతికొచ్చింది.

రెండూ పదికి ఇల్లు చేరాను. అరుగు మీద ఎండ ఇంకా ఉంది. డాక్టరు చెప్పినట్టే నా దిండు లోపలే ఉంచాను. రామలక్ష్మి దిండు తెచ్చి ఎండలో పెట్టి, పొద్దువాలేదాకా దాని పక్కనే కూర్చున్నాను.