కాలికి బలపం

పెనుకొండలో మాకు తెలుగు చెప్పిన సారుకు రిటైరయ్యాక ఒకటే పని, జాతీయాలు ఎలా పుట్టాయో కనుక్కోవడం. ఎవరేం చెప్పినా జేబులోని నోటుబుక్కులో రాసుకొని, పక్కన ప్రశ్నార్థకం పెట్టేవారు. అంత తేలిగ్గా దేన్నీ నమ్మే మనిషి కాదు.

ఆ రోజు హిందూపురం బస్టాండులో ఇద్దరం కూర్చుని ఉన్నాం. పక్కన చిలమత్తూరు నుంచి వచ్చిన ఒకావిడ బెంగళూరు బస్సు కోసం చూస్తోంది. ఎక్కడికని సారు పలకరించారు.

"బెంగళూరికి సార్. తమ్ముడు ఆడికి పనికి పోయి కనపడకుండా పోయినాడు సార్. ఏడాదిగా కాలికి బలపం కట్టుకొని తిరుగుతాండా."

సారు ఉండబట్టలేకపోయారు. "కాలికి బలపం ఎందుకు కడతారమ్మా?"

నాకు సిగ్గేసింది. ఆమె మాత్రం కాసేపు ఆలోచించింది.

"తిరిగిన చోటల్లా గీత పడాలనేమో సార్. నాకా గీతే లేదు. చూసిన సందులోకే మళ్లీ మళ్లీ పోతాండా."

సారు ఆ మాట రాసుకోలేదు. బుక్కులో కొత్త పేజీ తీశారు.

"ఇంతవరకూ యాడ యాడ చూసినావో ఒక్కొక్కటే చెప్పు తల్లీ. రాసిస్తా."

ఇంతలో బెంగళూరు బస్సు వచ్చింది. ఆ పేజీ నిండేదాకా డ్రైవరును బతిమాలుతూ మెట్టు మీద నేను నిలబడ్డాను.