ట్రిగ్గర్ బయట వేలు

కనకమ్మ సత్రం దగ్గర బండి మీద వచ్చినవాడెవడో నా మెడలో గొలుసు తెంచుకుపోయినప్పటి నుంచి నాకు కుదురు లేదు. తర్వాత ఒకరోజు తిరువళ్లూరులో తిరుత్తణి బస్సెక్కి, ఫోన్‌లో పిస్టళ్ల బొమ్మలు చూస్తూ కూర్చున్నాను. వెనక ఎవరు దగ్గినా ఉలిక్కిపడుతున్నాను.

"ఏది కొందామనుకుంటా ఉండావు పాపా?" అని పక్క సీటావిడ అడిగింది. నలభై దాటిన మనిషి. చెన్నైలో షూటింగ్ పోటీలకు పోతుందట. గొలుసు సంగతి చెప్పాను.

"చిన్నదైతే హ్యాండ్‌బ్యాగులో పడతాది గదక్కా," అన్నాను.

"చిన్నది కాల్చినప్పుడు చేతిలో ఎక్కువ ఎగురుతాది. నీ చేతికి కుదిరేది చూసుకోవాల. అయినా నేను కాల్చేది కాగితాన్ని. అది నా మీదికి ఉరికి రాదు. వాడు గొలుసు లాగినప్పుడు నువ్వేం చేసినావు?"

"నోరు గూడా పెగల్లేదక్కా."

ఆమె నా చెయ్యి అందుకుంది. ఫోన్ మీద బిగుసుకుని వంగి ఉన్న నా చూపుడువేలిని మెల్లగా చాపి, ఫోన్ అంచు వెంబడి ఆనించింది.

"మాకు మొట్టమొదట నేర్పించినారే, అది ఇదే. వేలు ట్రిగ్గర్ బయటే ఉండాల. ఎదురుగా ఉండేది ఎవరో కండ్లారా చూసి, తీర్మానం చేసుకున్నాకే లోపలికి పోవాల. ఇది రాకుంటే యే పిస్టలైనా ఒకటే."

తిరుత్తణిలో దిగి ఆమె తన దారిన వెళ్లిపోయింది. పేరు అడగలేదు.

లైసెన్స్‌కు ఇంకా దరఖాస్తు పెట్టలేదు, మానుకోనూ లేదు. వెనక బండి చప్పుడు దగ్గరైతే ఇప్పటికీ ఉలిక్కిపడతాను. కానీ సంచి పట్టుకున్న చేతిలో చూపుడువేలు దానంతటదే చాచుకుంటుంది. అప్పుడు వెనక్కి తిరిగి, వస్తున్నదెవరో చూస్తాను.