నీరుగొబ్బి పేరు చెప్పిందెవరు?

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను ఆటపట్టించడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మదనపల్లెలో పద్నాలుగేళ్ళుగా వృక్షశాస్త్రం పాఠాలు చెబుతున్నాను. చేతికి అందిన ఆకునే నమ్ముతాను. ఇప్పటికీ అంతే. అయినా ఇది రాయక తప్పడం లేదు.

పోయిన ఏప్రిల్‌లో పుంగనూరు అవతల ఒక రాళ్ళగుట్ట మీద అడవిమొక్కల సర్వే చేస్తున్నాను. నేల మీద తాడుతో చదరం వేసి, అందులో మొలిచిన ప్రతి మొక్కనూ రాసుకోవాలి. శాస్త్రం పెట్టిన పేరు పక్కన ఊరివాళ్ళు పిలిచే పేరు కూడా ఉండాలి. దారి చూపడానికి కింద పల్లె నుంచి మునెప్ప తోడు వచ్చాడు. అరవై దాటిన మనిషి, నడకలో గట్టివాడు.

గుట్ట ఎక్కుతుంటే నీళ్ళ క్యాన్ జారిపడి పగిలింది. మునెప్ప దిగిపోదామన్నాడు. ఒక్క చదరం ముగించి పోదామని నేనే పట్టుబట్టాను.

తల వంచుకుని రాస్తుంటే వెనక బండ అవతలి నుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"అది బలుసు కదమ్మా."

మేకలు కాసే ఆమె అనుకున్నాను. తల ఎత్తకుండానే, "మరి ఈ ముళ్ళతీగ?" అన్నాను.

"పరికి. ఈ పక్క నీరుగొబ్బి ఉండాది, అదీ రాసుకోమ్మా."

రాసేశాను. రాశాక పెన్ను ఆగింది. నీరుగొబ్బి చెరువుల పక్కన, తడినేలలో పెరిగే మొక్క. ఈ ఎండుగుట్ట మీద దానికేం పని?

తిరిగి చూస్తే ఎవరూ లేరు. మేకల అలికిడి కూడా లేదు.

"ఆమె ఎటు పోయింది?" అని మునెప్పను అడిగాను.

"ఎవురమ్మా? ఇంతసేపూ నువ్వే అడగతాండావు, నువ్వే రాసుకుంటాండావు."

అతని మాట ముద్దగా వచ్చింది. లేవబోయి అట్లే ఒరిగిపోయాడు. ఒళ్ళు కాలిపోతోంది, చుక్క చెమట లేదు. ఎండదెబ్బే. ఫోన్‌కు సిగ్నల్ లేదు. మోసుకుని దిగడం నా వల్ల కాదు.

ఆ క్షణంలో నాకు భయం వేయలేదు. నీరుగొబ్బి ఉంటే నీళ్ళు ఉండి తీరాలి. నా చదువు అంతవరకే చెప్పింది, అది చాలనిపించింది. గొంతు వచ్చిన వైపు నడిచాను. బండ చుట్టూ తిరిగి, పొదలు తప్పించుకుని వెళ్తే రాతిపగులులో నిలువెత్తు ముళ్ళకాడలు, వాటికి ఊదారంగు పూలు. నీరుగొబ్బే. దాని మొదట్లో బాన పట్టేంత గుంట, నిండా చల్లటి నీళ్ళు.

చున్నీ తడిపి మునెప్ప తలకూ ఛాతీకీ చుట్టాను. గంటకు కళ్ళు తెరిచాడు. గుక్కగుక్కగా నీళ్ళు తాగాడు. పొద్దు వాలాక నా భుజం పట్టుకుని తానే నడిచి దిగాడు.

కింద పల్లెలో మేకలు కాసే ఒకామెకు ఆ చోటు చెప్పాను. "ఆ గుట్టలో నీళ్ళా! పుట్టినప్పట్నుంచీ తిరగతాండాను, నేను యాడా సూల్లేదే" అంది. వారం తర్వాత ఆమెనే వెంటబెట్టుకుని వెళ్ళాను. గుంట ఉంది, నీళ్ళున్నాయి, మొక్క ఉంది. ఆమె దోసిలి ముంచి తాగి చూసింది. ఆ గొంతు మాత్రం ఆమెది కాదు.

ఎండదెబ్బకు నాకే భ్రమ కలిగిందని డాక్టరైన మా అన్న అంటాడు. కావచ్చు. కానీ బండ వెనక నేను చూడని మొక్క అక్కడ ఉందని నా భ్రమకెట్లా తెలిసింది?

సర్వే కాగితంలో, మొక్కకు ఊరివాళ్ళు పిలిచే పేరు చెప్పినవారెవరో రాయడానికి ఒక గడి ఉంటుంది. నీరుగొబ్బి ఎదురుగా ఆ గడిని ఖాళీగా వదిలే పంపించాను.