ఓడిన మర్నాడు తీసిన బోర్డులు

ఇంతకాలం నేనేమీ రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు రాయడం వచ్చేది కాదు. చిన్నతనమంతా పొగాకు ఎండబెట్టే బ్యారన్ల దగ్గర పనిలో గడిచింది. అరవై దాటి కెనడాలోని ఈ కాల్గరీ వచ్చాక, మా చర్చిలో ఒక టీచరుగారు ఆరాధన అయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు అక్షరాలు దిద్దించారు. మొన్న మా కోడలు ఇక ఎమ్మెల్యేగా పోటీ చేయనని చెప్పేసరికి, ఇక్కడి పేపర్లన్నీ ఆమె గెలిచిన రెండుసార్ల గురించే రాశాయని మనవరాలు వచ్చీరాని తెలుగులో చెప్పింది. ఓడిన మొదటిసారి గురించి ఎవరూ రాయలేదు గనుక నేను రాస్తున్నాను.

అప్పట్లో కోడలు నర్సు. ఆసుపత్రి వరండాల్లో మంచాలు వేసి రోగుల్ని పడుకోబెట్టడం చూడలేక పోటీకి దిగింది. డ్యూటీ అవగానే ఇంటింటికీ తిరిగేది, చీర మీద కోటు వేసుకుని నేనూ వెనకాలే నడిచేదాన్ని, ఒప్పుకున్నవాళ్ల ఇంటి ముందు గడ్డిలో ఆమె పేరున్న బోర్డు గుచ్చి వచ్చేవాళ్లం. తెలుగువాళ్లు తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లో ఒక పెద్దాయన పప్పు వడ్డించుకుంటూ, "బంగారంలాంటి ఉద్యోగం ఉండగా నీకెందుకమ్మా ఈ రాజకీయాలు, తెల్లోళ్లు నీకు ఓటేస్తారా?" అన్నాడు. కోడలు నవ్వి, ఆయన ఇంటి ముందు కూడా ఒక బోర్డు పెట్టడానికి ఒప్పించింది.

తీరా ఓడిపోయింది. మన వైపు ఓడినవాళ్లు నాలుగు రోజులు ఊళ్లో కనబడరు. ఇక్కడ గెలిచినా ఓడినా ఎవరి బోర్డులు వాళ్లే వెళ్లి తీసుకోవాలి. కోడలు దుప్పటి కప్పుకుని, "నా వల్ల కాదు అత్తయ్యా. ఆ ఇళ్లవాళ్ల మొహం చూడలేను. ఇంక జన్మలో పోటీ చెయ్యను" అంది. ఏమీ అనవద్దని మా అబ్బాయికి చెప్పాను గానీ, ఇప్పుడు సిగ్గుపడి దాక్కుంటే ఈ పిల్ల మళ్లీ ఆ గడపలు తొక్కదని నా భయం.

ఇప్పుడు ప్రచారం చాలావరకు ఫోన్లలోనే. ఓడినవాళ్లు కూడా అందులోనే రెండు ముక్కలు రాసి ఊరుకుంటారు. తలుపు కొడితే మనిషి రాడు, గోడకున్న కెమెరాలోంచి గొంతు వినబడుతుంది. ఓటేసినవాళ్ల ఎదుట ఓడిన మొహంతో నిలబడే కష్టం ఈ కాలంవాళ్లకు తప్పింది, కానీ అలా నిలబడ్డందుకు దొరికేది కూడా వాళ్లకు దక్కడం లేదేమో.

ఆ మర్నాడు పొద్దున్నే నేనొక్కదాన్నే వెళ్లి, వీధి మొదటి ఇంటి ముందు బోర్డు పట్టుకుని లాగాను. చలికి నేల బిగుసుకుపోయి అది ఊడి రాలేదు. ఇంటావిడ తలుపు తీసి ఇంగ్లీషులో ఏదో అడుగుతోంది, నాకు జవాబు చెప్పడం రాదు. ఈలోగా వెనక మా కారు ఆగింది. కోడలు నైటీ మీదే కోటు తొడుక్కుని దిగి, తిన్నగా ఆవిడ దగ్గరకెళ్లి థాంక్స్ చెప్పింది. ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నాక కళ్లు తుడుచుకుంటూ నా వైపు తిరిగి, "దాన్ని తీసుకెళ్లొద్దట అత్తయ్యా, వచ్చేసారి దాకా వాళ్ల గరాజ్‌లో దాచిపెడతారట" అంది.

నేను పక్కింటి బోర్డు దగ్గరకు నడిచాను.