రక్తం పడలేదు

2023 వానాకాలం. భిలాయిలోని ఒక ఆసుపత్రిలో, గుండె ఆపరేషన్లయినవాళ్ల వార్డులో నర్సుగా ఉన్నాను. నాది అనుమానపు బుద్ధి. అనుమానం పెనుభూతమని తోటి నర్సులు వేళాకోళం చేసేవారు. మా వార్డులో ఆ భూతం ఒకటుండడమే మంచిదనేదాన్ని.

అప్పలనాయుడుగారు ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లులో రిటైరై, ఊరి పక్కనున్న ఉతైలో ఇల్లు కట్టుకున్న శ్రీకాకుళం మనిషి. బైపాస్ తర్వాత రక్తం తగ్గిందని ట్రాన్స్‌ఫ్యూజన్, అంటే రక్తం ఎక్కించడం, మొదలుపెట్టాం. అనుమానంలో ఆయన నన్ను మించినవాడు.

"ఎవులి రక్తమమ్మా ఇది? తాగుబోతుది కాదు గదా?" అన్నారు సంచీ వంక గుడ్లురిమి చూస్తూ. అన్ని పరీక్షలూ చేశాకే ఇస్తారని చెప్పినా నమ్మలేదు.

సంచీ సగమయ్యేసరికి డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చారు. ఆయనకు తెలుగు రాదు. ఎలా ఉందని హిందీలో అడిగారు.

"నాకీ రక్తం పడలేదని సెప్పే," అన్నారు నాయుడుగారు కూతురు రేఖతో.

రేఖ ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లోని సెక్టర్ 2లో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు కంటే హిందీయే బాగా వచ్చు. "ఖూన్ నహీ గిరా, సర్," అంది. రక్తం కారలేదని ఆ మాటకర్థం. డాక్టరుగారు "బహుత్ అచ్ఛా" అని పక్క మంచానికి కదిలారు.

ఒంటికి సరిపడలేదని తండ్రి మొత్తుకుంటుంటే కారలేదని కూతురు చెప్పింది!

"ఏటవుతంది నాయుడుగారూ?" అంటూ చెయ్యి పట్టుకున్నాను.

"గుండెల్లో సేప ఎగిరెగిరి పడతన్నట్టుందమ్మా."

నాడి ఒక వరస లేకుండా పరుగెడుతోంది. రక్తం ఆపి డాక్టరుగారిని వెనక్కి పిలిచాను. ఈసీజీ తీస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని తేలింది. గుండె పై గదులు లయ తప్పి వణకడమన్నమాట. ముదిరితే ప్రాణానికే ముప్పు. నా అనుమానమంతా సంచీ మీదే. పేరు, గ్రూపు మళ్లీ చూసి, సంచీని బ్లడ్ బ్యాంకుకి పంపాం. ఏ లోపమూ దొరకలేదు.

గుండె ఆపరేషన్ తర్వాత చాలామందికి ఇలా అవుతుందని డాక్టరుగారు చెప్పారు. రక్తం ఎక్కించినవాళ్లలో కాస్త ఎక్కువ కనిపిస్తుందట గానీ, ఈయనకు దానివల్లే వచ్చిందని ఎవరూ తేల్చలేరట. మందు డ్రిప్ పెట్టారు. సాయంత్రానికి లయ కుదిరింది.

"నాన్న అన్న మాట నాకు సమఝ్ అవలేదు దీదీ," అని రేఖ వెక్కివెక్కి ఏడ్చింది. కోప్పడదామనుకున్న నాకు జాలేసింది. అప్పటినుంచీ మధ్యలో ఎవరు తర్జుమా చేసినా, రోగి నోటి మాట మళ్లీ నేనే అడిగి వింటున్నాను.

మర్నాడు ఇంకో సంచీ పెట్టక తప్పలేదు. రేఖ తండ్రి మీదికి వంగి, మాట కూడబలుక్కుంటూ అడిగింది.

"నాన్నా, పడతందా?"

ఆయన సంచీ మీంచి చూపు తిప్పలేదు.

"పడతందే. డాక్టరుకి మాత్రం నువ్వు సెప్పకు. సిస్టరమ్మ సెప్తాది."