హీరోయిన్ పడిపోయాక

వైటూకే కంప్యూటర్ పని ముగిసి నా ఉద్యోగం పోయి, ఇండియా తిరిగి వెళ్లిపోదామని టికెట్ కొనుక్కున్న వారం, కెల్లీవిల్ వెళ్లే బస్సులో ఒక హైదరాబాదీ అమ్మాయి ఒళ్లో డ్రమ్ముతో నా పక్కన కూర్చుంది. డ్రమ్ములు వాయిస్తూ కథ ఆడి చూపించే బ్యాండు పోటీలో ఓడిపోయి వస్తోందట.

“మాదీ, గెలిచిన టీముదీ ప్రేమ కోసం చచ్చే హీరోయిన్ కథే అక్కా. వాళ్ల షోల ఆమె సముద్రంల దూకంగనే డ్రమ్ములన్నీ ఆగినయ్. జనం ఏడ్చిన్రు, ప్రైజు వాళ్లకే వచ్చింది. మా షోల ఆమె విషం తాగి పడిపోయినా మేం ఆపలే.”

“వచ్చే ఏడు మీరూ ఆపేస్తారా?” అని అడిగాను.

“ఎందుకాపాలె? వాళ్ల డ్రమ్ములు ఆమె గుండె చప్పుడు. మావి ఆమె పంతం. ఇంకా గట్టిగ కొడ్తం,” అంది బొబ్బలెక్కిన వేళ్లతో దరువేస్తూ.

మర్నాడు ట్రావెల్ ఏజెంటుకు ఫోన్ చేసి, ఇండియా టికెట్ రద్దు చేయించుకున్నాను.